దసరాను సీసాలకెత్తిన ఏడాది

ముప్పై మూడేళ్ళు నేను బొగ్గులో నీళ్ళు వెతికాను. అదే నా ఉద్యోగం. నాగపూర్‌కు దక్షిణాన, మరాఠీ గడ్డ మీద, ఊర్జానగర్ పక్కన ఉన్న పెద్ద థర్మల్ స్టేషన్ ల్యాబులో కెమిస్టుని. వ్యాగన్లలో వచ్చిన బొగ్గులోంచి నమూనా తీసి, పొడి కొట్టి, చిన్న గిన్నెలో తూచి, ఓవెన్‌లో పెట్టి, కాసేపయ్యాక మళ్ళీ తూచేవాణ్ణి. ఎంత బరువు తగ్గితే అంత తేమ. పంపినవాళ్ళకు నా అంకె ఎక్కువనిపించేది, పుచ్చుకున్నవాళ్ళకు తక్కువనిపించేది. ఇద్దరూ మొహం చిట్లించారంటే అంకె సరిగ్గా ఉన్నట్టేనని నేను స్కూటరెక్కి ఇంటికొచ్చి హాయిగా అన్నం తినేవాణ్ణి.

ఆ అన్నం ఎక్కడ వండుతారో, ఎంత వండుతారో, నేను తిన్నాక మిగిలింది ఎటు పోతుందో ఆ ముప్పై మూడేళ్ళలో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. పండుగ రోజు కూడా బొగ్గు వస్తుంది కాబట్టి నాకు డ్యూటీ ఉండేది. మధ్యాహ్నం కడుపునిండా తిని సెకండ్ షిఫ్టుకు వెళ్ళిపోయేవాణ్ణి. తిరిగి వచ్చేసరికి గిన్నెలన్నీ తోమి బోర్లించి ఉండేవి. ఆ గిన్నెల్లో ఉన్నదంతా ఆవిరైపోయి ఉంటుందని నమ్మాను కాబోలు.

రిటైరైన మగవాడికి ఇంట్లో మొట్టమొదట కనబడేది దుబారా. మనుషుల్లేని గదిలో ఫ్యాను, కారే నల్లా, సగం వాడి పారేసిన సబ్బుముక్క. నేను ఆగస్టు చివర్లో రిటైరయ్యాను. వినాయక చవితి నాటికి ఫ్యాన్లూ నల్లాలూ సబ్బులూ అయిపోయి వంటింటి దాకా వచ్చాను. అక్కడ చూసింది చూసి నిలబడిపోయాను. ఇంట్లో ఇద్దరం. పొయ్యి గట్టు మీద పదిమందికి సరిపోయే పులిహోర, ఉండ్రాళ్ళు, పాయసం. నా భార్యను అడిగితే "పండుగ గదా" అంది. మిగిలితే ఎట్లా అంటే "నేను చూస్కుంట తియ్యి" అంది. ప్రణాళిక లేనివాళ్ళు చెప్పే జవాబు అదేనని నా అనుభవం.

నా భార్యది రాజురా అవతల ఒక పల్లె. వాళ్ళు ఎన్నో తరాలుగా అక్కడే పత్తీ కందీ పండించుకుంటున్న తెలుగు రైతులు. నైజాం పోయినా, రాష్ట్రం మారినా, వాళ్ళు పొలంలోంచి తలెత్తి చూడలేదు. మా నాన్న కరీంనగర్ వైపు నుంచి పద్మాపూర్ బొగ్గుగనుల్లో పనికి వచ్చినవాడు. గనిలోకి సద్ది కట్టుకుపోయేవాడు, మెతుకు పారేస్తే ఊరుకునేవాడు కాదు. కాబట్టి పొదుపు నా రక్తంలోనే ఉందనీ, ఆమె వైపు రక్తంలో మాత్రం పండిందంతా వండేసే గుణం ఉందనీ నేను శాస్త్రీయంగా తేల్చుకున్నాను.

ఆ వారంలోనే ఫోనులో ఒక వీడియో చూశాను. ఏదో చలిదేశంలో ఒక ముసలాయన పండుగ భోజనం మిగిలితే ఒక మిషన్లో పెట్టి ఎండబెడుతున్నాడు. ఎండలో కాదు, చలిలో. ముందు ఆహారాన్ని రాయిలా గడ్డకట్టిస్తారు. తర్వాత పంపుతో లోపలి గాలంతా లాగేస్తారు. అప్పుడు అందులోని మంచు కరిగి నీళ్ళు కాకుండానే, పళ్ళెంలో కర్పూరం హరించుకుపోయినట్టు, నేరుగా ఆవిరైపోతుంది. మిగిలేది దూదిలాంటి తేలికైన కూర. గాలి చొరకుండా సీసాలో పెడితే ఏళ్ళు ఉంటుందట. వేడినీళ్ళు పోస్తే మళ్ళీ కూరవుతుందట. నాకు ఒళ్ళు పులకరించింది. బతుకంతా తేమను కొలవడమే తప్ప దాన్ని మనిషికి పనికొచ్చేలా తీసింది లేదు. దేవుడు నన్ను రిటైర్ చేసింది ఇందుకేననిపించింది.

నాగపూర్‌లో ఒకాయన కమలాపండ్ల తొనలు అలా ఎండబెట్టి అమ్మేవాడు. విసిగిపోయి మానేశాడు. ఆయన మిషను టెంపోలో మా ఇంటికి వచ్చింది. బట్టలుతికే మిషనంత పెట్టె, ముందు అద్దం తలుపు, లోపల అయిదు ట్రేలు, పక్కన విడిగా ఒక పంపు. నలుగురు మోసుకొచ్చి ముందుగదిలో నా భార్య కుట్టుమిషను ఉన్న చోట దించారు. కుట్టుమిషను పడకగదికి పోయింది.

ఆమె కొంగు నడుముకు దోపుకుని వచ్చి ఇదేం చేస్తుందని అడిగింది. నేను కర్పూరం ఉదాహరణతో సహా పావుగంట చెప్పాను. ఆమె ఓపిగ్గా విని, "అంటే అన్నంలకెళ్ళి నీళ్ళు తీస్తరు. మల్ల నీళ్ళు పోస్తరు. అంతేగదా" అంది.

అంతే అన్నాను. ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

దసరా వచ్చింది. నాగపూర్ నుంచి మా అమ్మాయి, అల్లుడు, మనవరాలు వచ్చారు. మొత్తం అయిదుగురం. వంట ఇరవైమందికి తక్కువ లేదు. బగారన్నం, మటన్, గారెలు, పచ్చిపులుసు, పూర్ణం పెట్టి నెయ్యి రాసి కాల్చిన బక్షాలు. నేను ఆ ఏడు డ్యూటీ లేక ఇంట్లోనే ఉన్నాను కాబట్టి తిన్నాక కూడా కళ్ళు తెరుచుకుని కూర్చున్నాను. పిల్లలు సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయారు. నా భార్య జమ్మాకు పట్టుకుని వీధిలో పెద్దవాళ్ళకు దండం పెట్టి రావడానికి వెళ్ళింది. ఇల్లూ, వంటిల్లూ, ఇరవైమంది వంటా నాకు చిక్కాయి.

ఒక ట్రేలో బగారన్నం పరిచాను. ఒకదాంట్లో మటన్. ఒకదాంట్లో పచ్చిపులుసు పోశాను. ఒకదాంట్లో బక్షాలు ముక్కలు చేసి పేర్చాను. ఇంకొక ట్రే మిగిలింది. గట్టు చివర మూతపెట్టిన స్టీలు క్యారియర్ కనబడింది. విప్పి చూస్తే పప్పు, గుత్తివంకాయ కూర, తెల్లన్నం. సరే, అదీ మిగిలిందే కదా అని వంకాయ కూరతో సహా అయిదో ట్రే నింపేసి, క్యారియర్ శుభ్రంగా కడిగి బోర్లించాను. గిన్నె కడగడం నా సంసారజీవితంలో అదే మొదలు. అది కూడా ఆమె మెచ్చుకుంటుందని అనుకున్నాను.

ఆమె తిరిగి వచ్చేసరికి మిషను మోగుతోంది. నేరుగా వంటింట్లోకి పోయి, అటూ ఇటూ చూసి, వచ్చి అడిగింది.

"గా క్యారియర్ల కూర ఏడున్నది?"

నేను అద్దం తలుపు వైపు గర్వంగా చెయ్యి చూపించాను. ఒకసారి మొదలుపెడితే మధ్యలో తలుపు తెరవకూడదని కూడా చెప్పాను. ఆమె స్టూలు లాక్కుని మిషను ముందు కూర్చుని, మంచు పడుతున్న తన వంకాయల వైపు చాలాసేపు చూసింది. విజ్ఞానాన్ని చూసి మాట రాక కూర్చుందని నేను అనుకున్నాను.

ఆ పంపు మోత గురించి వీడియోలో ముసలాయన చెప్పలేదు. గురక కంటే పెద్దది, రైలు కంటే చిన్నది, ఆగనిది. మర్నాడు పొద్దున పక్కింటి కాకు వచ్చింది. కాకు అంటే పిన్ని అని మరాఠీలో. వీధి అంతా ఆమెను అలాగే పిలుస్తుంది. ఆమె భర్తా నేనూ ఒకే స్టేషన్లో పనిచేశాం, పక్కపక్కన ప్లాట్లు కొని ఇళ్ళు కట్టుకున్నాం. ఆయన పోయి నాలుగేళ్ళయింది, ఇప్పుడు ఆమె ఒక్కతే ఉంటుంది. మెడలో తులసిమాల వేసుకున్న మనిషి, మాంసం వండిన గరిటె కూడా ముట్టదు. ఆమె మాట్లాడేది మరాఠీ. మా మధ్య అది తెలుగుతో కలిసిపోయి చాలా ఏళ్ళయింది కాబట్టి ఇక్కడ తెలుగులోనే రాస్తున్నాను.

కాకు చంకలో జొన్నల సంచి ఉంది. మోత విని మేం పిండి గిర్ని పెట్టామని అనుకుందట. కిలో జొన్నలు పట్టించుకుందామని వచ్చింది. నేను నవ్వి, గిర్ని కాదని చెప్పి, లోపలికి పిలిచి, అద్దంలోంచి ట్రేలు చూపించాను. ఇది మటన్, అటు చూడకు. ఇదిగో ఇది వంకాయ కూర, పొడి అయిపోతోంది చూడు, రెండేళ్ళయినా చెడదు అన్నాను. ఆమె వంగి ఆ వంకాయల్ని చూసింది. బాగుంది అంది. వంటింటి గడప దగ్గర నిలబడ్డ నా భార్య మొహం చూసి, ఇంకోసారి బాగుంది అని, జొన్నల సంచి తీసుకుని వెళ్ళిపోయింది.

నలభై గంటల తర్వాత తలుపు తెరిచాను. బగారన్నం థర్మకోల్ గింజల్లా చిటచిటలాడుతోంది. పచ్చిపులుసు బెల్లంరంగు పొడయింది. వంకాయలు పిట్టగూళ్ళంత తేలిక. మటన్‌లో ముక్కలు బాగానే ఎండాయి కానీ కొవ్వు మాత్రం జిడ్డుగా అలాగే కూర్చుంది. నెయ్యి తాగిన బక్షాలైతే అసలు లొంగలేదు. తలుపులోంచి ఎలా వెళ్ళాయో అలాగే, ఇంకొంచెం మొండిగా బయటికి వచ్చాయి. నూనెలో నీళ్ళుండవు కాబట్టి ఈ మిషను నూనెను ఏమీ చేయలేదని మాన్యువల్‌లో రాసి ఉంది. ఆ పేజీ నేను తర్వాత చదివాను.

అన్నీ తూచి, సీసాల్లో నింపి, పేర్లు రాసి అంటించాను. మా ఇంట్లో తెలుగు గబగబా చదవగలిగింది నేనొక్కణ్ణే. మా నాన్న పలక మీద దిద్దించాడు. నా భార్య చదివింది రాజురాలో మరాఠీ బడి. అయినా తెలుగువాళ్ళ దసరాకు తెలుగు చీటీ ఉండాలని పట్టుబట్టి గుండ్రంగా రాశాను. ఆమె కూడబలుక్కోలేక సీసాల మీద బొట్టుబిళ్ళలు అంటించుకుంది. ఎర్రబొట్టు మాంసం, పచ్చబొట్టు కూర, నల్లబొట్టు ఏమిటో ఎవరికీ తెలియనిది. మూడో రకమే ఎక్కువగా ఉంది.

దీపావళికి మా బామ్మర్ది వచ్చాడు. నా భార్యకు ఒక్కడే తమ్ముడు, వ్యవసాయం చేస్తాడు. వస్తూ గంపెడు వంకాయలూ కొత్త కందికాయలూ తెచ్చాడు. వాటితో ఆమె వంట మొదలుపెడుతుంటే, ఇవాళ వంట నాది అని ఆపేశాను. నా పరిశోధనకు బయటి మనిషి నాలుక కావాలి. ముందే చెబితే అభిప్రాయం పాడవుతుంది కాబట్టి చెప్పొద్దని ఆమెకు సైగ చేశాను. ఆమె చేతులు కట్టుకుని గోడకానుకుంది.

ఎర్రబొట్టు సీసాలోంచి మటనూ, దాని పక్కదాంట్లోంచి బగారన్నమూ తీసి వేడినీళ్ళలో నానబెట్టి, పైన కాస్త కొత్తిమీర చల్లి వడ్డించాను. అతను ఆకలి మీద ఉన్నాడు. రెండుసార్లు అడిగి వేయించుకున్నాడు. ముక్క కొంచెం పీచుగా ఉందన్నాడు కానీ బాగుందన్నాడు. నేను ఇక ఆగలేక, ఇది ఎప్పటి కూరో చెప్పుకో అన్నాను. పొద్దుటిదన్నాడు. కాదన్నాను. నిన్నటిదా అన్నాడు. దసరాది అన్నాను.

కలుపుతున్న చెయ్యి ఆగింది. ఇరవై రోజులు అతను వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నట్టే ఉంది. విస్తరి పక్కన చెయ్యి దులిపి, నెమ్మదిగా అన్నాడు.

"బావా, నేను చుట్టంగ వచ్చిన్న, శాంపిల్ చూడనీకి వచ్చిన్న?"

నేను మంచు గురించి, గాలి గురించి, క్రిములు చేరలేకపోవడం గురించి చెప్పాను. అతను విన్నాడు. మోటుమనిషి కాదు, బీటీ పత్తి విత్తనాల మీద నాకంటే ఎక్కువ చదివాడు. ఆఖర్న, మా ఊర్లో చుట్టం వస్తే కోడి లేకుంటే గుడ్డు పెడతాం, గుడ్డు లేకుంటే ఉల్లిగడ్డ కారం నూరి పెడతాం, అదైనా అప్పుడే నూరతాం అన్నాడు. కోపంగా అనలేదు. అందుకే నాకు మరీ గుచ్చుకుంది.

మర్నాడు అతను వెళుతుంటే నా భార్య కూడా సంచి సర్దుకుంది. పత్తి ఏరే రోజులు, కూలీలు దొరకడం లేదు, ఎనిమిది రోజులు ఉండి వస్తానంది. మరి నా తిండి సంగతి అన్నాను.

"నీకేం తక్కువయ్యా. దసరా అంత నీ దగ్గరనే ఉన్నది" అంది. చెప్పులు తొడుక్కుంటూ మెత్తగా అన్న మాట. వాళ్ళ జీపు మూల తిరిగేదాకా అది పొగడ్తో మరొకటో నేను తేల్చుకోలేకపోయాను.

మొదటిరోజు రాజభోగం. కెటిల్‌లో నీళ్ళు కాచి బగారన్నం మీద పోశాను, మటన్ మీద పోశాను, కాళ్ళు చాపుకుని టీవీ ముందు పండుగ చేసుకున్నాను. రెండోరోజూ పండుగే. మూడోరోజు పొద్దున్న సీసా చూడగానే కడుపు కొంచెం వెనక్కి తగ్గింది. మధ్యాహ్నం పచ్చిపులుసు పొడిని నానబెట్టుకున్నాను. రుచి అలాగే ఉంది, కానీ అందులో పచ్చి ఉల్లిపాయ కరకరలాడడం పోయింది. ఒక్క ఉల్లిపాయ కోసుకుంటే సరిపోయేది, కానీ అప్పుడది నా ప్రయోగం కాకుండా పోతుంది. నాలుగోరోజుకు వేడివేడి జొన్నరొట్టె మీదికీ పచ్చిమిరపకాయ మీదికీ ప్రాణం లాగింది. ఇంటి చుట్టూ పండుగ అయిపోయి ముగ్గులు కూడా చెరిగిపోయాయి. నేనొక్కణ్ణే దసరాలో ఇరుక్కుపోయాను.

భారం పంచుకుందామని పాత ల్యాబు సహోద్యోగి ఒకాయన వస్తే ఒక సీసా చేతికిచ్చాను. ఆయన అలవాటు కొద్దీ దాన్ని వెలుతురుకెత్తి, ఆడించి, ఇది ఏ యూనిట్ బూడిద అని అడిగాడు. వంకాయ కూర అని చెప్పాక ఇంకా అనుమానంగా చూసి బల్ల మీద పెట్టేశాడు. టీ తాగి వెళ్ళాడు. సీసా తీసుకెళ్ళలేదు.

అయిదోరోజు మధ్యాహ్నం కాకు గోడ మీదుగా పిలిచింది. గిన్నెలో రెండు జొన్నరొట్టెలు, పక్కన శనగపిండి కూర, ఒక మిరపకాయ. నా భార్య ఊరెళ్ళింది కదా, ఏం తింటున్నారో అని తెచ్చానంది. నేను అరుగు మీద కూర్చుని అక్కడే తినేశాను. అంత ఆబగా తింటుంటే ఆమె చూపు మరోవైపు తిప్పుకుంది. గిన్నె ఖాళీగా ఇవ్వకూడదని తెలుసు కాబట్టి లోపలికెళ్ళి పచ్చబొట్టు సీసా తెచ్చి, ఇది ఎర్రబొట్టు కాదు, శుద్ధమైన కూరే అని చెప్పి, గిన్నెలో రెండు గుప్పిళ్ళు వంచాను. ఆమె వాటివైపు చూసి, వహిని చేసిన వంకాయ కదా ఇది అంది. వహిని అంటే వదిన, నా భార్యను ఆమె పిలిచే పిలుపు; నన్ను భావుజీ అంటుంది, అంటే బావగారు. ఎలా తెలుసు అన్నాను.

కాకు చెప్పాలనుకోలేదని తెలుస్తూనే ఉంది. తర్వాత గిన్నె మీద కొంగు కప్పుకుంటూ చెప్పింది. భర్త పోయినప్పటి నుంచీ దసరా సాయంత్రం తన ఇంట్లో పొయ్యి వెలగదట. నా భార్య పొద్దున్నే స్నానం చేసి, మాంసం ఇంట్లోకి రాకముందే, వేరే గిన్నెల్లో పప్పూ గుత్తివంకాయా వండి క్యారియర్లో పెట్టి, దీపాలవేళకు తనే తెచ్చి ఇస్తుందట. ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుంటారట.

"ఈసారి రాలేదు. వహినికి ఒంట్లో బాగలేదేమో అనుకున్న. ఆ రాత్రి అటుకులు నానబెట్టుకుని తిన్న. పొద్దున్న జొన్నలు వంకగ పెట్టుకుని చూసిపోదామని వచ్చిన" అంది.

అంటే ఆమెకు గిర్ని కాదని ముందే తెలుసు. నేనేమో ఆమెను మిషను ముందు నిలబెట్టి, ఆమె తినాల్సిన కూర ఎంత చక్కగా ఎండుతోందో చూపించాను. రెండేళ్ళయినా చెడదని హామీ కూడా ఇచ్చాను. ముప్పై మూడేళ్ళలో ఒక్క నమూనా తారుమారు చేయని మనిషినని పేరుండేది నాకు. క్షమించమన్నాను. అయ్యో, ఇప్పుడు ఇచ్చారు కదా అంటూ కాకు ఆ దూదివంకాయలు పట్టుకుని ఇంటికి వెళ్ళింది. ఆ ఓదార్పు నా తప్పు కంటే బరువనిపించింది.

నా భార్య వచ్చిన రోజు టీ నేనే పెట్టి ఇచ్చి, ఎందుకు చెప్పలేదని అడిగాను. చెప్తే మిషను ఆపేవాడివా అంది. ఆపకూడదు కదా అన్నాను అలవాటుగా. ఆమె పత్తికాయ గీరుకున్న వేళ్ళకు కొబ్బరినూనె రాసుకుంటూ, ఏ పండుగకు ఎవరికేం పోతుందో చెప్పుకొచ్చింది. కాకుకు క్యారియర్. మూలమీద ఇస్త్రీ చేసే ఆయన ఇంట్లో ఆరుగురు, వాళ్ళకు మటనూ బగారన్నమూ. వీధి ఊడ్చే ఆమె ఇంట్లో ఎనిమిదిమంది, వాళ్ళకు గారెలు, ఆమె బిడ్డకు బక్షాలంటే ఇష్టం కాబట్టి అవి నాలుగు ఎక్కువ. మా అయిదుగురితో కలిపితే అక్షరాలా ఇరవై. అయిదుగురి వంట ఇరవైమందికి పొంగిపోయిందని నేను అనుకున్నాను. ఆమె ఇరవైమంది కోసం ఇరవైమందికే వండింది.

"మిగిలింది మిగిలింది అంటవు. గది మిగిలింది కాదు. నేను మిగిల్చింది" అంది.

నా జీవితంలో ఇంత పెద్ద కొలత తప్పు నేను చేయలేదు. ఆమె మళ్ళీ ఎత్తిపొడవలేదు. కుట్టుమిషను మాత్రం ముందుగదిలోకి వచ్చింది, నా మిషను వెనకగదిలోకి పోయింది. చలికాలమంతా దాని మీద దుప్పట్లు మడతపెట్టుకున్నాం. ఎర్రబొట్టు సీసాలు నేనే పూర్తి చేశాను. ఆఖరి మటన్ తినేనాటికి సంక్రాంతి కూడా వెళ్ళిపోయింది.

మేలో కాకు స్వయంగా వచ్చి మిషను గురించి అడిగింది. ఆషాఢంలో పండరికి నడిచి వెళ్ళే దిండీలో, అంటే భజన చేసుకుంటూ పోయే భక్తుల గుంపులో, ఈసారి తనూ చేరుతోందట. పదిహేను రోజుల నడక. సంచి తేలిగ్గా ఉండాలి, నీళ్ళు పోస్తే అన్నం కావాలి. నేను ఎగిరి గంతేసేవాణ్ణే కానీ ఆమె షరతులు ఉన్నాయి. మటన్ ఎక్కిన ట్రేలు పనికిరావు. కొత్త ట్రేలు తెప్పించాను. మిషను లోపల నా భార్య పసుపునీళ్ళతో మూడుసార్లు తుడిచింది. కాకు అద్దం తలుపు మీద తులసి ఆకు పెట్టి దండం పెట్టుకుంది. నాగపూర్ కమలాపండ్లాయన చూస్తే ఏమనేవాడో.

మా ఊరి మే నెల గురించి చెప్పక్కర్లేదు. గడప దాటితే పెనం. బయట అంత వేడి ఉంటే ఈ మిషను లోపల చలి నిలబడదు, వేడెక్కి ఆగిపోతుంది. కాబట్టి ఇంట్లో ఉన్న ఒక్క కూలరూ వెనకగదికి మార్చి మిషనుకు పెట్టాను. నాలుగు రోజులు మిషను చల్లగాలి తిన్నది, మేమిద్దరం తడిగుడ్డలు కప్పుకుని ఫ్యాను కింద కూర్చున్నాం. ఇంటి మీద వడియాలు పెట్టి ఉంటే ఆ ఎండకు రెండు గంటల్లో ఎండేవని నా భార్య రోజుకొకసారి అంది. బొగ్గుపొడి పడుతుంది కదా అంటే, పల్చటి చీర కప్పుతాం గదా ఇన్నేళ్ళ నుంచీ అంది.

వంట మాత్రం ఆమే చేసింది. పలచటి పప్పు, మెత్తటి అన్నం, నూనె దాదాపు లేని కూర, ఎందుకంటే నూనె లొంగదని ఆమె నాకంటే బాగా గుర్తుపెట్టుకుంది. అన్నీ చక్కగా ఎండాయి. ముప్పై పొట్లాలు కట్టాం. ఒక్కోదాని మీద ఎన్ని నీళ్ళు, ఎంతసేపు అన్నది మరాఠీలో రాశాను. రుచి, మెత్తదనం, నానే సమయం గురించి రోజూ ఒక మాట రాసుకురమ్మని కాకుకు చిన్న నోటుబుక్కు కూడా ఇచ్చాను. ఆమె దాన్ని కళ్ళకద్దుకుని సంచిలో పెట్టుకుంది. ఏదో స్తోత్రమనుకుందో ఏమో.

ఆషాఢం వెళ్ళాక నల్లబడి, చిక్కి, నవ్వుకుంటూ వచ్చింది. కాళ్ళకు బొబ్బలు. నా భార్య వేడినీళ్ళ తొట్టి పెడితే పాదాలు అందులో ఉంచి కూర్చుంది. నేను కుర్చీ లాక్కుని, పప్పన్నం ఎలా నానిందని అడిగాను.

"నాకేం తెలుసు భావుజీ. నేను తినలే."

దారిపొడుగునా ఊరూరా జనం పిలిచి పిలిచి పెట్టారట. వద్దన్నా వినలేదట. రెండోరోజే పొట్లాలు విప్పి దిండీలో అందరికీ పంచేసిందట. పళ్ళు ఊడిపోయిన ఒక ముసలమ్మకు మాత్రం అవి బాగా నచ్చాయట. నమలక్కర్లేదు, మింగితే సరి. ఏడు పొట్లాలు ఆమే తిన్నదట. ఇది ఎవరు చేశారని అడిగిందట.

"ఏమన్నవ్?" అన్నాను ముందుకు వంగి.

"మా పక్కింటి వహిని వండిందన్న."

మరి ఎండబెట్టింది ఎవరో చెప్పలేదా అన్నాను. ఎవరూ అడగలేదంది కాకు, పాదాలు తొట్టిలో ఆడించుకుంటూ. నోటుబుక్కు తీసి ఇచ్చింది. అందులో దిండీలో పరిచయమైన ఆడవాళ్ళ పేర్లు, ఊళ్ళు వరుసగా రాసి ఉన్నాయి. చివరి పేజీలో మాత్రం నాకోసం ఒక వాక్యం ఉంది: ఉప్పు కొంచెం తక్కువైందని ముసలమ్మ చెప్పింది.

నా భార్య వంటింట్లోంచి ఆ మాట విని బయటికి వచ్చింది. ఉప్పు తాను సరిగ్గానే వేశానంది. మిషనే ఉప్పు తిన్నదేమోనంది. మిషను నీళ్ళు తప్ప ఇంకేదీ తీసుకోదని నేను శాస్త్రం చెప్పబోయాను. కానీ అప్పటికే వాళ్ళిద్దరూ వచ్చే ఏడు దిండీ గురించి మాట్లాడుకుంటున్నారు. పద్నాలుగు మంది వస్తారట ఈ వీధి నుంచి. కారం తగ్గించాలట. అంతమందికి పప్పు ఉడకాలంటే మన గుండిగ చాలదని నా భార్య అంది, పెద్దది చూసి రమ్మని నాకు సంచి ఇచ్చింది. నేను చెప్పులు తొడుక్కుని బజారుకు బయల్దేరాను.